సున్నపు గోడ మీద రాయమల్లు ఎరుపు

ఆసిఫాబాదు తాలూకాలో ఆ రోజుల్లో పొద్దు ఒక గడియ ముందే పొడిచేదంటే బయటి ఊరివాళ్ళు నమ్మరు. నమ్మకపోతే నష్టం వాళ్ళకే. రాయమల్లు సున్నం వేసిన గోడలు ఎంత తెల్లగా ఉండేవంటే, చీకటి వాటి పక్కన నిలబడలేక ముందుగానే లేచి అడవిలోకి పోయేది. కోళ్ళు తికమకపడి రెండేసి సార్లు కూసేవి. ఒక పెళ్ళివారి గోడను చూసి కొంగ ఒకటి తన చుట్టమే అనుకుని మూడు రోజులు దాని పక్కన ఒంటికాలి మీద నిలబడిందని హోటలు సాంబయ్య ఒట్టు పెట్టి మరీ చెబుతాడు. సాంబయ్య ఒట్లు ఆ ఊళ్ళో అందరికీ తెలిసినవే కాబట్టి, కొంగ రెండు రోజులే నిలబడింది అనుకుందాం.

అంత గొప్ప చేయి ఉన్నవాడికి ఒకటే బాధ. అతణ్ణి ఎవరూ పెయింటరు అనలేదు. సున్నం రాయమల్లు అన్నారు. ముప్పై ఏళ్ళు వచ్చినా, ఇద్దరు పిల్లల తండ్రి అయినా, కొత్త చొక్కా తొడుక్కుని సంతకు పోయినా సున్నం రాయమల్లే.

పెయింటరు కావాలంటే అక్షరాలు రావాలి. రాయమల్లుకూ అక్షరాలకూ పదేళ్ళ వయసులోనే చెడింది. నిజాం కాలం బడిలో నాలుగో తరగతి దాకా ఉర్దూ చదివాడు. నలభై ఎనిమిదిలో పోలీసు చర్య జరిగి బడి కొన్ని నెలలు మూతపడింది. మళ్ళీ తెరిచిన రోజు కొత్త పంతులు వచ్చి నల్లబల్ల మీద ‘అ’ రాశాడు. రాయమల్లు సంచీ చంకన పెట్టుకుని లేచాడు.

“ఏడికిరా?” అన్నాడు పంతులు.

“నాలుగేండ్లు కుడి దిక్కు నుంచి ఎడమ దిక్కుకు నడిచిన సార్. ఇప్పుడు మల్ల మొదటికెల్లి ఎడమ దిక్కు నుంచి నడువుమంటె నా కాళ్ళకు అలవాటు లేదు.”

అలా బయటికి నడిచినవాడు సున్నపు బట్టీ దగ్గర ఆగాడు. తర్వాత ఒకే ఒక్కసారి, ఒక బట్టల దుకాణం బోర్డు రాయడానికి సాహసించాడు. చూసి గీసిన అక్షరాల్లో సగం నిలబడ్డాయి, సగం పడుకున్నాయి. దుకాణదారు ఆ బోర్డును బర్రెల కుడితి గోళెం మీద మూతగా వాడుకున్నాడు.

అందుకే అరవై ఎనిమిదిలో దవాఖాన కంపౌండరు తోమాసు వచ్చి చెప్పిన కబురు రాయమల్లుకు దేవుడే పంపినట్టు అనిపించింది. తోమాసు మిషన్ బడిలో చదివిన నెమ్మదస్తుడు. ఒక అచ్చు కాగితం విప్పి చూపించాడు. మధ్యలో తలకిందుల ముక్కోణం, కోడిజుట్టు ఎరుపులో.

“కుటుంబ నియంత్రణ గుర్తు రాయమల్లూ. పన్నెండు ఊళ్ళల్ల గోడల మీద వెయ్యాలె.”

“అక్షరాలు?”

“అవి బడిపంతులు నల్లరంగుతోని రాస్తడు. నీది ముక్కోణమే.”

రాయమల్లు కాగితాన్ని తిప్పి తిప్పి చూశాడు. ఎటు తిప్పినా మూడు గీతలే. కుడి నుంచి గీసినా అదే, ఎడమ నుంచి గీసినా అదే.

“వచ్చే నెల ఆదిలాబాదుకెల్లి పెద్ద డాక్టరు సాబ్ వస్తడు,” అన్నాడు తోమాసు. “ఆయనకు నచ్చితె తాలూకా మొత్తం నీకే. రిజిస్టర్ల నీ పేరు ముంగట పెయింటరు అని నేనే రాస్త.”

“జర పెద్ద అక్షరాలతోని రాయి తోమాసన్నా. నేను చదువలేకున్నా చూస్త.”

చిక్కల్లా రంగు దగ్గర వచ్చింది. పైనుంచి పంపిన డబ్బా రంగు దవాఖాన తలుపులకే అయిపోయింది. గడపలకు పూసే జాజు కలిపి చూపిస్తే తోమాసు తల అడ్డంగా ఊపాడు. అది ఇటుక రంగు, కాగితం మీదిది నెత్తురు రంగు. అప్పుడు రాయమల్లు ఛాతీ విరిచి, “నా ఎరుపు నేనే చేస్త. మా అవ్వ చేసిన ఎరుపు ముంగట గీ కాగితం సిగ్గుపడాలె,” అని నలుగురు వింటుండగా అనేశాడు.

గొప్పలే గానీ అబద్ధం కాదు. తల్లి ఐలవ్వ వయసులో ఉన్నప్పుడు సాలెవాళ్ళ నూలుకు లక్క రంగు వేసేది. మోదుగ కొమ్మలను పట్టుకుని గట్టిపడిన లక్కను దంచి నానబెడితే నీళ్ళు ఎర్రబడతాయి. ఆ నీళ్ళలో పటిక వేస్తే ఎరుపంతా ముద్దగా అడుక్కు దిగుతుంది. దాన్ని గుడ్డలో వడగట్టి, ఆరబెట్టి, నూరి, తుమ్మజిగురు నీళ్ళలో కలిపితే రంగు. మోకాళ్ళు పట్టేసి ఇప్పుడు మంచం దిగని ఐలవ్వ, లోపలి నుంచే పని నడిపించింది.

“చింతపులుసు జర పొయ్యి కొడుకా.”

“సర్కారు బొమ్మకు చీమలు పడతయవ్వా.”

“నీ ఇష్టం. నువ్వు పుట్టకముందు నుంచి పోస్తున్న.”

పులుసు పోయలేదు. అయినా రంగు బ్రహ్మాండంగా దిగింది. ముందుగా ఒక చెక్క పలక మీద ముక్కోణం వేసి తన ఇంటి వాకిలి మీద కొట్టాడు. దారిన పోయే ఎద్దులు దాన్ని చూసి బెదిరి రెండు బండ్లు కాలువలో పడ్డాయి. ఒకటే పడిందని కొందరంటారు. వాళ్ళు రెండో బండిని చూడలేదు.

మొదటి ఊళ్ళో చావడి గోడ. రాయమల్లు కదా, పాత గోడ మీద కుంచె పెట్టడు. చుట్టం ముందు మాసిన పంచె కట్టుకుని నిలబడినంత నామోషీ అతనికి. మూడు పూతల కొత్త సున్నం పట్టించి, అది తడి ఆరీ ఆరకముందే ముక్కోణం వేశాడు. జనం ‘భళా’ అన్నారు. రాయమల్లు పక్కకు తిరిగి బీడీ ముట్టించుకున్నాడు. బీడీ అయిపోయి ఇటు తిరిగేసరికి గోడ మీద వంకాయ రంగు ముక్కోణం ఉంది.

‘భళా’ అన్నవాళ్ళు ఒక్కొక్కరే పక్క సందులోకి జారుకున్నారు. తిట్టిపోయినా బాగుండేదనిపించింది రాయమల్లుకు.

రెండో ఊళ్ళో ఒక ఇంటి గోడ మీదా అంతే. ఆ ఇంటి ముసలామె కొమురవ్వ గోడను చేత్తో తడిమి, “దెబ్బ తాకిందా కొడుకా? గోడ కమిలింది గద,” అని జాలిపడింది. మూడో ఊళ్ళో బావి నీళ్ళు మంచివి కావనుకున్నాడు. నాలుగో ఊరికి వాగు నీళ్ళు మోసుకుపోయాడు. ఐదో ఊళ్ళో దిష్టి అనుకుని ముక్కోణం కింద నిమ్మకాయా మిరపకాయలూ కట్టాడు. నిమ్మకాయ పచ్చగా, మిరపకాయలు ఎర్రగా, ముక్కోణం ఊదాగా ఉండి, గోడ కూరగాయల అంగడిలా తయారైంది. ఇంటికొస్తే పలక మీది ముక్కోణం మాత్రం ఎర్రగా ఎగతాళి చేస్తోంది.

“సర్కారు చిన్న కుటుంబం అంటున్నది,” అన్నాడు సాంబయ్య చాయ్ పోస్తూ. “నువ్వేమో ఊరూరా వంకాయలు కాయిస్తున్నవ్. బీరకాయలు ఎప్పుడు పెడుతున్నవ్?”

“నీ చాయ్ రంగు ఏందో మొదలు అది తేల్చు.”

కోపంలో ఉన్నవాడికి తెలివి ఎక్కువ పనిచేస్తుంది, ఎదురు దిక్కులో. భార్య లస్మవ్వ ఆ శుక్రవారం కాళ్ళకు పారాణి రాసుకుంటోంది. పసుపులో చిటికెడు సున్నం కలపగానే అది ఎర్రబడింది. రాయమల్లు గుడ్లప్పగించి చూశాడు.

“దొరికింది,” అన్నాడు. “పసుపు ఏమన్న ఎర్రగుంటదానే? సున్నం తాకితె ఎర్రగైతది. పసుపునే ఎర్రగ చేసే సున్నం, ఎరుపును ఇంకెంత చేస్తదో చెప్పు. నేను గోడకే వేసిన. రంగుల కలుపలే. గదీ తప్పు.”

“మంచిగనే ఉన్నది,” అంది లస్మవ్వ. నిజంగానే బాగుంది కూడా. ఆ ఇంట్లో, ఆ పక్కింట్లో, ఆ ఊళ్ళో ఎవరిని అడిగినా బాగుందనే అనేవారు.

మిగిలిన ఊళ్ళలో రంగులోనే సున్నం కలిపాడు. ముక్కోణాలు గోడ ఎక్కకముందే గిన్నెలోనే నేరేడుపండ్లయ్యాయి. సున్నం చాలలేదేమోనని ఇంకొంచెం కలిపాడు. పన్నెండో గోడ దవాఖానది, రోడ్డు మీదికి కనబడేది. దానికి నాలుగు పూతల సున్నం కొట్టి మరీ వేశాడు. అదీ వంకాయే అయింది. పెద్ద డాక్టరు రావడానికి ఇంకొక్క రోజే ఉంది.

మర్నాడు మధ్యాహ్నం లస్మవ్వ ఆ గోడ నుంచి రాలిన ఊదా పెచ్చు ఒకటి తెచ్చి అత్త చేతిలో పెట్టింది. ఐలవ్వ దాన్ని వెలుగులో పట్టి చూసింది, వాసన చూసింది, నాలుకకు తాకించి ఉమ్మింది.

“సున్నం మీద పోసినవా?”

“గోడన్నంక సున్నం ఉండదా అవ్వా?”

“పలకల మీద వేస్తున్నవనుకున్న. లక్క ఉడికేసిననాడు పాన్ నమిలే ఆడోళ్ళను నేను వాకిట్లకు రానిచ్చిన్నా? వేలికి సున్నం ఉంటె నూలు కమిలిపోతది కొడుకా. లక్కకు సున్నం సవతి.”

“గా ముచ్చట ముందుగాల చెప్పద్దా?”

“పులుసు పొయ్యమంటె చీమలంటివి. ఇగ ఇనెటోనివి కాదనుకుని ఊకున్న.”

ఐలవ్వ చింతపండు పిసికిన నీళ్ళలో ఆ పెచ్చును ముంచింది. పెచ్చు బుసబుసమని నురగ కక్కి, కోడిజుట్టు రంగులోకి తిరిగింది. రాయమల్లు ఇరవై రోజులుగా వెతుకుతున్న ఎరుపు తల్లి అరచేతిలో ఉంది. ఇరవై ఏళ్ళుగా తనకు అన్నం పెట్టిన సున్నమే దాన్ని చంపుతూ వచ్చిందని అప్పుడు తెలిసింది. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తోచక చెప్పులను తన్నాడు.

దవాఖాన గోడకు ఏళ్ళ తరబడి పట్టిన సున్నాన్ని ఒక్క పూటలో గీకడం పదిమంది వల్ల కూడా కాదు. మిగిలింది ఒకటే దారి. గుడ్డను పులుసులో ముంచి ముక్కోణాన్ని తుడిచి చూశాడు. ఎర్రబడింది. రెండు బీడీలు కాల్చేంతసేపు ఎర్రగా ఉండి, లోపలి సున్నం మెల్లగా పైకెక్కగానే మళ్ళీ వంకాయ.

“రెండు బీడీల సేపు చాలు,” అన్నాడు. “పెద్దోళ్ళు గోడను అంతకన్న ఎక్కువ చూడరు.”

పెద్ద డాక్టరు తెల్లవారి పది గంటలకు వస్తానన్నాడు. రాయమల్లు తొమ్మిదింటికే పులుసు కుండతో గోడ పక్కన కూర్చున్నాడు. రోడ్డు మీద దుమ్ము లేచింది. తుడిచాడు. వచ్చింది మేకల మంద. మళ్ళీ దుమ్ము. తుడిచాడు. కట్టెల బండి. పదకొండింటికి మోటారు చప్పుడు వినబడింది. అంచులు కూడా వదలకుండా తుడిచాడు. సర్వీసు బస్సు ఆగింది, దిగిన వాళ్ళందరూ గోడను చూసి పోయారు.

“ఎర్రగనే ఉన్నది గద,” అన్నాడొకడు.

“నువ్వు డాక్టరువా?” అన్నాడు రాయమల్లు.

ఏడోసారికి సున్నం నాని ముక్కోణం కింది కొస కారడం మొదలుపెట్టింది. సాంబయ్య హోటల్లో చింతపండు అయిపోయింది. ఒంటిగంటకు చీమలు వచ్చాయి. ఒకటీ రెండూ కాదు, తాలూకాలో ఉన్న చీమలన్నీ బారులు తీరి, దవాఖానకు సూదిమందు కోసం వచ్చినట్టు వచ్చాయి. రాయమల్లు వాటిని ఊదుతూ, దులుపుతూ, తిడుతూ ఉండగా నిజమైన జీపు మలుపు తిరిగింది. కుండ ఖాళీ. లస్మవ్వ ఇంట్లోంచి పరుగెత్తుకొచ్చి, మధ్యాహ్నం కాచిన చారును గిన్నెతో సహా అతని చేతిలో పెట్టింది.

పెద్ద డాక్టరు జీపు దిగేసరికి ముక్కోణం ఎర్రగా మెరుస్తోంది, ఒక కరివేపాకు రెబ్బతో. ఆయన ఒక్క చూపు చూసి, “బాగుందయ్యా,” అని లోపలికి పోయాడు. రాయమల్లు గోడకు చేరగిలబడ్డాడు. ముప్పై ఏళ్ళ జీవితంలో ఆ రెండు బీడీల సేపే అతను పెయింటరు.

లోపల తోమాసు చాయ్ ఇచ్చాడు, రిజిస్టర్లు చూపించాడు. ఆయన బయటికి వచ్చి జీపు ఎక్కబోతూ ఆగాడు. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు.

“ఇందాక ఇది ఎర్రగా ఉంది కదా?”

తోమాసు అబద్ధం చెప్పలేడు, నిజం చెప్పడానికి అంత ధైర్యం లేదు. “ఉండె సార్,” అన్నాడు.

ఆయన దగ్గరికి వచ్చాడు. చీమలను చూశాడు. కరివేపాకును చూశాడు. చేయి గోడకు ఆనించి తీస్తే వేళ్ళు తెల్లగా అయ్యాయి. చాలాసేపు ఆ వేళ్ళనే చూసుకున్నాడు.

“రంగు సంగతి వదిలేయండి. డబ్బాలూ మనిషీ హైదరాబాదు నుంచి వస్తారు. కానీ ఈ సున్నం ఎవరు వేశారు?”

“రాయమల్లు సార్.”

“జిల్లాలో ఇంత తెల్ల గోడ నేను చూడలేదు. పన్నెండు ఊళ్ళలోనూ ఇతనితోనే కొట్టించండి. ఆ ఊదా బొమ్మలు మాత్రం కనబడకూడదు.”

జీపు పోయింది. తోమాసు రిజిస్టరు తెరిచి, రాయమల్లు పేరు ముందు ఏదో రాసి, చదివి వినిపించకుండా మూసేశాడు. చదవడం రాకపోయినా రాయమల్లుకు అర్థమైంది. పెయింటరు అనడానికి ఆ మాట చాలా చిన్నగా ఉంది.

వాకిలి మీది పలక ఎన్నేళ్ళయినా రంగు మారలేదు. దాన్ని చూసి ఇదే దవాఖాన అనుకుని మాత్రల కోసం వచ్చినవాళ్ళకు ఐలవ్వ మంచం మీది నుంచే మజ్జిగ ఇప్పించి పంపేదట. కొందరికి జ్వరం తగ్గింది కూడా.

గోడలు వేరే కథ. వారం తర్వాత రాయమల్లు కొమురవ్వ ఇంటి గోడకు సున్నం కొట్టాడు. మొదటి పూత ఆరింది, ముక్కోణం పైకి తేలింది. రెండో పూత కొట్టాడు, తేలింది. ఎరుపుగా రెండు బీడీల సేపుకు మించి నిలవని రంగు, ఊదాగా మాత్రం చావడం లేదు. నాలుగో పూతకు కొమురవ్వ గడప మీద కూర్చుని, “అరిగోస పడుతున్నవ్ బిడ్డా. కమిలిన కాడ రుద్దద్దు, దానంతల అదే మానుతది,” అంది.

“మాన్తలేదు పెద్దవ్వా,” అన్నాడు రాయమల్లు, కుంచెను మళ్ళీ సున్నంలో ముంచుతూ.