బేరమాడకుండా తెచ్చుకున్న బాబాయ్

నేను చేసిన తెలివితక్కువ పనులన్నీ చెప్పడానికి కూర్చుంటే మీకు విసుగొస్తుంది, నాకు ఏడుపొస్తుంది. అందుకని ఒక్కటే చెబుతాను. తొందరపడి అన్న ఒకే ఒక్క మాటకి నా ఇంటి కప్పు పోయింది, రెండు నెలల జీతానికి పైగా పోయింది, మా మావగారి దగ్గర మిగిలిన కాస్త పరువూ పోయింది. పోనీ ఆ మాట ఏ బూతో అనుకునేరు. "బాబాయ్" అన్నాను, అంతే.

తొంభైల చివర్లో సంగతి. అప్పుడు నేను పర్చూరులో ఒక పత్తి మిల్లులో గుమాస్తాని. అమ్మా నాన్నా అప్పటికే పోయారు. అన్నదమ్ముల్లేరు, బాబాయిలూ పెదనాన్నలూ అసలే లేరు. నాన్న వదిలి వెళ్లిన రెండు గదుల డాబా మాత్రం ఉంది. దానికి నా మీద ఏం కోపమో, వానొస్తే సరిగ్గా నడి గదిలో, సరిగ్గా ఒకే చోట కారేది. పెళ్లి కాకముందు అక్కడ ఒక సత్తు గిన్నె పెట్టుకుని, ఆ టపటప వింటూ పడుకునేవాణ్ణి. ఇంట్లో నాకు బదులు పలికేది అదొక్కటే.

పెళ్లయింది. మా ఆవిడ సుజాత పురిటికి తాడేపల్లిలోని పుట్టింటికి వెళ్లింది. ఆడపిల్ల పుట్టింది. ఐదో నెల రాగానే తల్లీబిడ్డల్ని తెచ్చుకోవాలి. అంతకుముందు ఇల్లెలా ఉందో చూద్దామని మా మావగారు వచ్చారు. ఆయన గుంటూరులో మిర్చి వ్యాపారం చేసి పండిపోయిన మనిషి. కాయ విరిచి వాసన చూసి ధర చెబితే, ఆ ధర మీద పైసా పెంచగలిగిన రైతు ఇంకా పుట్టలేదని మా అత్తగారు గర్వంగా చెప్పేది. అటువంటి మనిషి ఓ వానరోజు మా నడి గదిలో భోజనానికి కూర్చుని పెరుగన్నం కలుపుకుంటుంటే, పైనుంచి చుక్క ఒకటి సూటిగా విస్తట్లో పడింది. ఆయన పైకి చూశారు, నావైపు చూశారు, చెయ్యి కడిగేసుకున్నారు.

"అల్లుడు గారూ, మీ ఇంట్లో పెద్దదిక్కు లేదు. సరే, అది మీ చేతుల్లో లేదు. కప్పు సంగతి మీ చేతుల్లో ఉందిగా?"

"ఉందండీ."

"కార్తీకంలో మళ్లీ వస్తా. ఇక్కడే కూర్చుని తింటా. విస్తట్లో చుక్క పడకపోతే పిల్లని పంపుతా. పడిందా, పంపను."

నేను నా కూతుర్ని అప్పటికి రెండుసార్లు చూశాను. రెండుసార్లూ అది నిద్రపోతూనే ఉంది. కళ్లెలా ఉంటాయో కూడా తెలియదు నాకు.

మర్నాడే తాపీ మేస్త్రి నాగూర్‌ని పిలిచాను. యాభై దాటిన మనిషి, సన్నగా పొడుగ్గా ఉంటాడు. మేడెక్కి, అటూ ఇటూ నడిచి, మడమతో రెండు మూడు చోట్ల తన్ని చూశాడు.

"పాత గచ్చంతా పెళుసెక్కిందండీ. నీళ్లకి వాటం లేదు. అంతా లేపేసి కొత్తగా వేయాల. పని సరే, ముందు కూలి సంగతి అనుకుందామా?"

ఇక్కడే ఉంది నా మేధస్సంతా. మిల్లులో మా ముసలి గుమాస్తా ఒకాయన నాకొక కిటుకు నేర్పాడు. పనివాణ్ణి వరస కలిపి పిలిస్తే నోరు తెరిచి ఎక్కువ అడగలేడట. బేరమాడితే ఏదో ఒక అంకెకి కట్టుబడాలి, ఆడకపోతే చివర్లో మనకి తోచింది చేతిలో పెట్టొచ్చట.

"అదేంటి బాబాయ్! మన మధ్య బేరాలేంటి?" అన్నాను.

"అట్టా కాదండీ, అనుకుంటేనే బాగుంటది."

"నువ్వు పని మొదలుపెట్టు బాబాయ్."

"ఎంతో కొంత అనుకుంటే మీకూ నాకూ..."

"బాబాయ్! ఇంకోసారి ఆ మాటెత్తావంటే నామీదొట్టే!"

నాగూర్ నన్ను ఎగాదిగా చూశాడు. తర్వాత మెల్లగా నవ్వాడు. "సరేరా అబ్బాయ్," అన్నాడు. 'అండీ' పోయి 'అబ్బాయ్' వచ్చింది. చూశారా, వల్లో పడ్డాడు అనుకుని నేను మురిసిపోయాను. వల ఎవరిదో తర్వాత తెలిసింది.

ఆ రోజు నుంచీ నాగూర్ మా ఇంట్లో పనివాడిలా ఒక్క పూట ఉంటే ఒట్టు. నేను మిల్లు నుంచి వచ్చేసరికి ఏదో ఒకటి మారి ఉండేది.

"వంటింటి తూము వీధిలోకి తిప్పానురా. నీళ్లు గోడకి దిగుతున్నయ్."

"అది... నేను చెప్పలేదు కదా బాబాయ్?"

"నువ్వు చెప్పేదేంది, ఇల్లు మనది కాదా?"

ఇంకో రోజు గడప ఎత్తు పెరిగింది. పాప పాకుతూ వాకిట్లో పడకూడదట. ఆ తర్వాత నడి గదిలో శ్లాబుకి రంధ్రం చేసి బలమైన ఇనప కొక్కెం దించాడు. "మనవరాలికి ఉయ్యాలెయ్యొద్దా? ఏనుగు పిల్లని ఊపినా ఊడదు చూడు," అన్నాడు. ఖర్చెంతో అడగాలని ఉండేది. కానీ అడిగేదెలా? ఒట్టు పెట్టింది నేనే.

మేడ మీద పాత గచ్చంతా లేచిపోయి, కొత్తది ఇంకా పడకముందు, సిమెంటు తేవడానికి డబ్బు కావాలన్నాడు నాగూర్. పనిలో పనిగా అన్నీ కలిపి ఎంతవుతుందో కూడా చెప్పాడు. అది నా రెండు నెలల జీతం.

"ఇంతా!" అని అరిచాను. వీధిలో పోతున్న పత్తి బండి ఎద్దులు కూడా ఆగి చూశాయి.

"ఏందిరా ఆ అరుపు? బేరాలొద్దన్నది నువ్వే గదా?"

"బాబాయ్ అని పిలిచాను కదా! తగ్గించి తీసుకుంటావనుకున్నా!"

అనకుండా ఉండాల్సింది. నాగూర్ ముఖం మాడిపోయింది.

"బాబాయ్ అన్నావనే ఇంటోడిలాగా చేశాను. బయటోడినైతే కారే చోట కాసింత సిమెంటు మెత్తి, డబ్బులు పుచ్చుకుని పోయేవాణ్ణి. తగ్గుద్దనా నన్ను పిలిచింది?"

తాపీ, సిమెంటు గమేళా తీసుకుని వెళ్లిపోయాడు. నేను వాకిట్లో నిలబడి పిలవనూ లేదు, ఆపనూ లేదు. మళ్లీ ఏమని పిలవాలి చెప్పండి?

ఆ సాయంత్రమే వాయుగుండం పట్టింది. ఇదివరకు ఒకచోట కారే ఇల్లు ఇప్పుడు కారని చోటంటూ లేకుండా కారింది. గిన్నెలు, చెంబులు, పెళ్లిలో ఇచ్చిన గంగాళం, అన్నీ నేలమీదికి దిగాయి. పాపకని కొన్న చిన్న పరుపు తడవకుండా చంకలో పెట్టుకుని గోడ వారగా కూర్చున్నాను. నిజంగా ఏడుపొచ్చింది. ఇంట్లో అంతా తడిగానే ఉంది కాబట్టి తుడుచుకోలేదు.

ఆ ముసురు విడవకముందే, కార్తీకం వచ్చిందని మావగారు దిగారు. చెప్పిన మాట ప్రకారం నడి గదిలోనే కూర్చున్నారు. గొడుగు తెరిచి ఎడమచేత్తో పట్టుకుని, కుడిచేత్తో అన్నం కలిపారు. గొడుగు అంచు నుంచి నీళ్లు పడి పులుసు క్షణక్షణానికీ పల్చబడుతోంది.

"ఎంతకి మాట్లాడుకున్నారు?" అన్నారు.

"మాట్లాడుకోలేదండీ."

"ఏం?"

"బాబాయ్ అన్నానండీ."

ముద్ద నోటిదాకా వెళ్లి ఆగింది. అంత జాలిగా నన్ను అంతకుముందు ఎవరూ చూడలేదు. గొడుగు అలాగే పట్టుకుని లేచారు. "పదవయ్యా ఆ మేస్త్రి ఇంటికి. బేరమంటే ఏంటో చూద్దువుగాని," అన్నారు.

వానలో పడి వెళ్లాం. నాగూర్ ఇల్లు ఊరి చివర. మమ్మల్ని చూడగానే గుమ్మంలోకి ఎదురొచ్చాడు. నావైపు చూడనైనా లేదు. మావగారి చెయ్యి పట్టుకున్నాడు.

"రండి రండి వియ్యంకుడు గారూ! ఈ వానలో నడిచొచ్చారా? కబురంపితే రిక్షా పంపేవాణ్ణి గదండీ! ఏమేవ్, వియ్యంకుడు గారొచ్చారు, టీ పెట్టు!"

"వియ్యంకుడా?" అన్నారు మావగారు.

"మరి కాదా అండీ? మీ అల్లుడు నన్ను నోరారా బాబాయ్ అన్నాడు. ఆడి తరఫున ఇంకెవరున్నారు చెప్పండి? కోపాలంటారా, అయి మా ఇంటి గొడవలు. మీరు కూర్చోండి. మనవరాలు బోర్లా పడతందా? పళ్లొచ్చినయ్యా?"

ఉన్న ఒక్క కుర్చీలో మావగారిని కూర్చోబెట్టి తను కింద కూర్చున్నాడు. భుజం మీద కొత్త తువ్వాలు కప్పాడు. టీ వచ్చింది. మావగారు రెండుసార్లు గొంతు సవరించుకున్నారు.

"ఆ పని ఖర్చు విషయం..."

"అయ్యయ్యో, మన మధ్య బేరాలేంటండీ!" అన్నాడు నాగూర్. "మీరు పిల్లనిచ్చినోళ్లు. మీ నోటెంట ఎంతొస్తే అంత. నేను తలూపుతా."

మిర్చి మార్కెట్టులో ఎవరికీ లొంగని మనిషి మగపెళ్లివారి ముందు కూలబడ్డారు. తక్కువ అంటే కూతురి అత్తింట్లో మాట పోతుంది. కాసేపు టీ గ్లాసులోకి చూసి ఒక అంకె చెప్పారు. అది నాగూర్ నాకు చెప్పినదానికంటే ఎక్కువ! "వియ్యాలవారికి బట్టలు విడిగా," అని కూడా కలిపారు. నాగూర్ తలూపాడు. అప్పుడు మొదటిసారి నావైపు తిరిగి, "రేపు ఎండొస్తే గచ్చేస్తానురా అబ్బాయ్," అన్నాడు. బట్టల ఖర్చు మావగారిది, మిగిలిన డబ్బంతా నేనే కట్టాలి. మిల్లులో అడ్వాన్సు తీసుకుని, నెల నెలా జీతంలో కోయించుకుని తీర్చాను.

మావగారిని తిరిగి బస్సెక్కించాను. ఎక్కాక కిటికీలోంచి తల బయటపెట్టి, "ఈ సంగతి మీ అత్తయ్యతో అనబాకు," అన్నారు. ఇంటికి పెద్దదిక్కు లేదన్న మాట మాత్రం మళ్లీ ఎత్తలేదు.

కప్పు కారడం ఆగింది. సుజాతా పాపా వచ్చారు. నాగూర్ భార్య గుమ్మంలో నిలబడి ఎండు మిరపకాయలతో దిష్టి తీసి పొయ్యిలో వేస్తే అందరం కళ్లనీళ్లు వచ్చేదాకా దగ్గాం. పాప కళ్లు మా అమ్మవి. ఉయ్యాల ఆ కొక్కేనికే వేశాం. నాగూర్ బాబాయ్ ఆరేళ్ల పాటు ప్రతి శుక్రవారం నమాజు అయ్యాక వచ్చి, కప్పు చూసే వంకన మనవరాలిని చూసి వెళ్లేవాడు. తర్వాత ఊపిరితిత్తుల జబ్బు చేసి పోయాడు.

ఆయన పోయిన మరుసటి వానాకాలం కప్పు మళ్లీ కారింది. ఒక కుర్ర మేస్త్రిని పిలిచాను. ముందే అడిగాను, అతను చెప్పాడు, బేరమాడాను, తగ్గాడు. అనుకున్న పని అనుకున్నట్టు చేశాడు. మా పాప పేరేంటో అడగలేదు. వెళ్లబోతూ పైకి చూశాడు.

"ఆ కొక్కెం తుప్పట్టిందండీ, కోసెయ్యమంటారా? దానికి విడిగా అవుద్ది."

"ఉండనివ్వండి," అన్నాను.

కాబట్టి మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ధర తేల్చుకోకుండా ఇక ఏ మేస్త్రినీ బాబాయ్ అని పిలవను. ఈ ప్రమాణం నిలబెట్టుకోవడంలో నాకు ఇబ్బందేమీ లేదు. ఉన్న ఒక్క బాబాయీ పోయాడు.