వదిన చేతిలో పడిన ఫ్లాక్స్ మొక్కలు

వీధి గదిలో కుట్టుమిషను, దాని ముందు కిటికీ, కిటికీ కింద గోడ పొడవునా మూరెడు వెడల్పు మట్టి. పొద్దస్తమానం చొక్కాలూ గౌనులూ కుట్టి కళ్ళు లాగేసినప్పుడు తలెత్తితే నాలుగు రంగులు కనబడాలని టైలరమ్మ ఆ ఏడు అక్కడ ఫ్లాక్స్ పూలమొక్కల గింజలు చల్లింది. వెలుతురు తగిలితే సరిగా మొలవవని పల్చగా మట్టి కప్పి, పైన అట్టముక్క పరిచి, పనిలోంచి లేచి లేచి వెళ్ళి ఎత్తి చూసుకునేది.

మొలకలు వచ్చాయి. వాటి వెనకే వదిన వచ్చింది.

ఆవిడ టైలరమ్మ భర్తకు స్వయానా అక్క. ఇంటి కప్పు మరమ్మతుకు విప్పించి, పని పూర్తయ్యేదాకా తమ్ముడింట్లో ఉందామని పెట్టెతో దిగింది. మనిషి మంచిదే కానీ చేతులు ఊరుకోవు. వచ్చీరాగానే వంటింట్లో డబ్బాలన్నీ చోటు మారిపోయాయి. టైలరమ్మ పంటి బిగువున సహించింది.

ఒకరోజు కుట్టిన బట్టలు ఇచ్చి వచ్చేసరికి కిటికీ కింద నేల నున్నగా ఉంది.

"వదినా, ఇక్కడ మొలకలుండాలే?"

"మొలకలెక్కడివమ్మా? గడ్డి మొలిచింది. నీకు తీరిక ఉండదని నేనే పీకేశాను."

టైలరమ్మ వంగి మట్టంతా వెతికింది. నీళ్ళగొట్టం చాటున కొన్ని మిగిలాయి కాబట్టి సరిపోయింది. వాటిని వేళ్ళు కదలకుండా తీసి ఎడం ఎడంగా నాటి, "ఇవి గడ్డి కాదు వదినా, పూలమొక్కలు" అని ఒకటికి రెండుసార్లు చెప్పింది.

చెప్పడమే పొరపాటైంది. ఆనాటినుంచి వదిన ఆ మొక్కల్ని సొంత బిడ్డల్లా చూసుకోవడం మొదలెట్టింది. సాయంత్రం అయ్యేసరికి గొట్టం పట్టుకుని పైనుంచి జల్లుమని కొట్టేది.

"ఆకుల మీద వద్దండీ, మొదళ్ళ దగ్గర పోయండి. అదీ పొద్దున పూట."

"తల తడపకుండా పసిపిల్లకు స్నానం చేయిస్తామా?"

అనుకున్నంతా అయింది. ఆకుల మీద తెల్లగా బూడిద తెగులు కమ్మింది. వదిన అది వీధి దుమ్మనుకుని ఇంకాస్త గట్టిగా కడిగింది! టైలరమ్మకు ఒళ్ళు మండిపోయి, బస్సు దిగి ఇంటికొచ్చిన డ్రైవరు మొగుణ్ణి పట్టుకుంది.

"బస్సులో అంతమందిని అదిలిస్తారు, అక్కతో ఒక్క మాట అనలేరా?"

"బస్సులో వాళ్ళు వాళ్ళ స్టాపు రాగానే దిగిపోతారే," అన్నాడాయన నీరసంగా.

ఇక లాభం లేదని టైలరమ్మే తెగులు పట్టిన ఆకులు గిల్లి పారేసి, గొట్టం చుట్టి మంచం కింద దాచింది. మొక్కలు తేరుకున్నాయి. గులాబి, తెలుపు, ఊదా గుత్తులు విచ్చుకున్నాయి. కొన్నాళ్ళు ఇల్లు ప్రశాంతంగా ఉంది.

ఒక మధ్యాహ్నం గౌను గుడ్డ పరిచి చూస్తే కత్తెర లేదు. బయట టక్ మని రాయికి ఇనుము తగిలిన చప్పుడు. కిటికీలోంచి చూస్తే, వదిన గుడ్డలు కత్తిరించే కత్తెరతో మొక్కల్ని సగానికి సగం కోసేస్తోంది.

"వదినా! ఆ కత్తెరతో నేను కాగితం కూడా ముట్టుకోను! అది నా పొట్టకూడు!"

"పూలు వాడిపోయాయని తీస్తున్నానమ్మా. తమ్ముడింట్లో కత్తెర ముట్టుకునే హక్కు కూడా లేదన్నమాట," అని వదిన మూతి ముడుచుకుని గదిలోకి పోయింది. ఆ పూట అన్నం తినలేదు. బతిమాలేసరికి టైలరమ్మ గొంతు ఎండిపోయింది. కత్తెర సాన పట్టించడానికి సగం పూట పనీ పోయింది.

తీరా చూస్తే, కోసిన మొక్కలు పక్కలకు చిగిర్చి మునుపటికన్నా ఒత్తుగా పూశాయి. వీధిలో పోయేవాళ్ళు ఆగి మెచ్చుకుంటుంటే వదిన గుమ్మంలో నిలబడి, "అంతా మన చేతి చలవ" అంటోంది. లోపల టైలరమ్మ మిషను తొక్కిన తొక్కుడికి దారం పుటుక్కున తెగింది.

చివరికి కప్పు పని అయిపోయింది. వదిన మరదల్ని కావలించుకుని, కళ్ళు తుడుచుకుని, ఆటో ఎక్కి వెళ్ళిపోయింది. టైలరమ్మకూ కాస్త దిగులనిపించి కిటికీ దగ్గరికొచ్చింది. అన్నిటికన్నా గుబురైన మొక్క ఉన్నచోట గుంట. ఇంట్లో బకెట్టు కూడా లేదు. రెండూ వదినతోపాటు ఆటో ఎక్కేశాయి.

"అడిగితే ఇచ్చేదానివేగా," అన్నాడు భర్త.

"అడిగితేగా!" అని విసురుగా బయటికెళ్ళి, పక్క మొక్క వేళ్ళు ఎండకుండా గుంట పూడ్చడం మొదలెట్టింది.