కోరుట్ల రోడ్డు మీద వంటావార్పు

తెలంగాణ ఉద్యమం జోరు మీదున్న ఆ రోజుల్లో బయల్దేరడం వరకే మన చేతిలో ఉండేది, చేరడం ఉద్యమం దయ. అయినా బడికి సెలవు పెట్టి, మధ్యాహ్నం సిరిసిల్లలో బస్సెక్కాను. వేములవాడలో మారి చీకటి పడే వేళకు కోరుట్ల చేరాను. అక్కడ మా చిన్నమ్మ బిడ్డ శోభ ఉంటుంది. బీడీలు చేస్తుంది, భర్త దుబాయిలో ఉన్నాడు. తెల్లారితే జగిత్యాలలో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో ఆమెకు గర్భసంచి తీసే ఆపరేషన్. తోడు రమ్మని నన్ను పిలిచింది.

శోభకు ఇంకా ముప్ఫై దాటలేదు. కడుపునొప్పి, తెల్లబట్ట అని చూపించుకుంటే సంచి తీసెయ్యాలన్నాడట డాక్టరు. సర్కారు ఆరోగ్య పథకం కార్డు ఉంది కాబట్టి ఖర్చేమీ ఉండదు. నాకు మనసొప్పలేదు. ఇంకొకరికి చూపిద్దామని అన్నం తింటూ నచ్చజెప్పబోయాను. నువ్వేమన్నా డాక్టరువా అక్కా అంది. పిల్లలకు ఎక్కాలు చెప్పుకునేదాన్ని, ఇంకేం మాట్లాడను?

పొద్దున ఏడున్నరకు జగిత్యాల బస్సు దొరికింది. పరగడుపున రమ్మన్నారని శోభ మంచినీళ్లు కూడా ముట్టలేదు. నేను మాత్రం బస్టాండులో ఆమెకు కనబడకుండా రెండు ఇడ్లీలు లాగించాను. మా ముందు సీట్లో జగిత్యాలలో గడియారాలు బాగుచేసే ముస్లిం పెద్దాయన కూర్చున్నాడు. "ఇయ్యాల తొవ్వల వంటావార్పు ఉన్నదట బిడ్డా. దుకాణం తెరిసినట్టే ఇగ" అని నవ్వాడు.

ఆయన అన్నట్టే అరగంటకు బస్సు ఆగిపోయింది. రోడ్డుకు అడ్డంగా రాళ్ల పొయ్యిలు, వాటి మీద అన్నం, పప్పు, వంకాయ కూర. ఉద్యమంలో అదో నిరసన. రోడ్డు మీదే వండుతారు, అక్కడే తింటారు, ఆగిన బస్సుల్లో వాళ్లకూ పెడతారు. మధ్యాహ్నం దాకా కదిలేది లేదని డ్రైవరు తేల్చేశాడు. అందరం దిగాం. నేనూ శోభా ఆడవాళ్ల వరుసలో కూర్చున్నాం.

వడ్డిస్తున్న గంగవ్వ అనే ఆమె శోభ ముందుకు రాగానే శోభ విస్తరి పక్కకు జరిపింది. ఆపరేషన్ ఉంది, తినొద్దన్నారని చెప్పింది. ఏం ఆపరేషనని అడిగితే గొంతు తగ్గించి గర్భసంచిది అంది.

"తియ్యకుంటే క్యాన్సరయితదన్నడా?"

శోభ తలెత్తి చూసింది.

"నాకు గూడ గదే మాట జెప్పిండు. అప్పుడు నీ అంతే ఉన్న. ఇప్పుడు జరంతసేపు కూసొని బీడీలు చెయ్యరాదు. నడుమంత గుంజుతది, పెయ్యంత ఆవిర్లు."

పప్పు కలుపుతున్నామె తనకూ తీశారంది. మా వరుసలోంచి మరో ఇద్దరు అందుకున్నారు. అందరూ బీడీలు చేసేవాళ్లే, చాలామందికి నలభై కూడా లేవు. అందరికీ అదే క్యాన్సర్ మాట చెప్పారు. నాకు ఒళ్లు మండిపోయింది. నాలుగు రోజులు మందులిచ్చి చూద్దామన్న ఓపిక ఒక్క డాక్టరుకూ లేకపోయింది. మందుబిళ్లకు పనికిరాని కార్డు కోతకు మాత్రం పనికొస్తుంది. ఇలాంటి పథకం రాసినవాళ్లను తెచ్చి ఆ వరుసలో కూర్చోబెట్టాలనిపించింది.

తింటే ఆ రోజు ఆపరేషన్ చెయ్యరని శోభకు తెలుసు. విస్తరి దగ్గరికి లాక్కుంది.

"పెట్టవ్వా," అంది.

ఒంటిగంటకు రోడ్డు వదిలారు. జగిత్యాలలో దిగి నేరుగా ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లాను. బెంచీలు విరిగిపోయి ఉన్నాయి, ఫ్యాను తిరగడం లేదు. నల్లబ్యాడ్జీ పెట్టుకుని డ్యూటీ చేస్తున్న డాక్టరమ్మ మాత్రం శోభ చెప్పిందంతా విని, ఓపిగ్గా పరీక్ష చేసింది. కొందరికి నిజంగానే తియ్యాల్సి వస్తుందట, శోభది మాత్రం మందులతో తగ్గే ఇన్ఫెక్షనట. మందులు రాసి, రెండు వారాలకు మళ్లీ రమ్మంది. బయటికొచ్చాక శోభ గోడకానుకొని ఏడ్చింది. నాకూ కన్నీళ్లాగలేదు.

సాయంత్రం కోరుట్ల బస్సులో శోభ కిటికీలోంచి చూస్తూ, "మా ఎదురింటి రాజవ్వకు రేపే ఆపరేషనన్నరక్కా, గదే దవాఖాన్ల" అంది.

మర్నాడు ఎనిమిదింటికి వేములవాడ బస్సెక్కాను. ఉద్యమ రోజుల్లో ఎన్నోసార్లు రోడ్ల మీద చిక్కుకుని విసుక్కున్నాను గానీ, ఆగిన బస్సుకు దండం పెట్టుకున్నది ఈ ప్రయాణంలోనే. నన్ను సాగనంపడానికి శోభ రాలేదు. నేను నిద్ర లేవకముందే రాజవ్వను వెంటబెట్టుకుని డాక్టరమ్మ దగ్గరికి వెళ్లిపోయింది.