ఊసరవెల్లి కోసం వేసిన పందిరి

1949 వేసవిలో నేను జనగామ పశువుల దవాఖానలో డాక్టరుగా ఉన్నాను. ఉద్యోగంలో చేరి రెండో ఏడు. మాది మానుకోట, ఇప్పుడు అందరూ మహబూబాబాద్ అంటున్న ఊరే. నా పైన జిల్లా కేంద్రంలో ఒక అధికారి, నా కింద ఒక కాంపౌండరు, ఇద్దరు డ్రెస్సర్లు. గాలికుంటుకు మందు వేయడం, గొంతువాపుకు టీకాలివ్వడం, విరిగిన కాళ్లకు కట్లు కట్టడం మా రోజువారీ పని. ఇవి కాక నెలకోసారి తాలూకాలోని బందెలదొడ్లు చూసి రావాలి. పరాయి చేలో పడి మేసిన గొడ్లను జరిమానా కట్టేదాకా నిలిపి ఉంచే చోటును బందెలదొడ్డి అంటారు. అందులో నీడ ఉందా, తాగునీరు బాగుందా, నేల పొడిగా ఉందా అని చూసి మేం రిపోర్టు రాసేవాళ్లం.

పోలీసు యాక్షన్ అయిపోయినా మా వైపు పోరాటం ఆగలేదు. కమ్యూనిస్టు దళాలు అడవుల్లోకి తగ్గాయి. వాళ్లను పట్టుకోవడానికి ఊళ్లలో సాయుధ క్యాంపులు పడ్డాయి. తరిగొప్పులకు పోయే దారిలో ఒక దొర వదిలిపోయిన గడీలో అలాంటి క్యాంపు ఒకటి ఉండేది. ఒకనాడు అక్కడి నుంచి మా దవాఖానకు జీపు వచ్చింది. జంతువుకు బాగాలేదు, కమాండెంటుగారు డాక్టరును తీసుకురమ్మన్నారని డ్రైవరు చెప్పాడు. గుర్రం అయి ఉంటుందనుకొని పెద్ద సూదులున్న పెట్టె పట్టుకుని బయలుదేరాను.

తీరా చూస్తే అది ఊసరవెల్లి.

కమాండెంటు ఉత్తరాది మనిషి. వయసు యాభై దాటి ఉంటుంది. భార్య పోయింది, పిల్లలు లేరు. ఘనపూర్ అవతలి అడవుల్లో గాలింపుకు పోయినప్పుడు అది జీపు బాటకు అడ్డం నడుస్తూ కనబడిందట. గాలికి ఊగే ఆకులా ముందుకూ వెనక్కూ ఊగుతూ అది బాట దాటేదాకా జీపు ఆపించి, చివరికి మనసాగక చేతికర్ర చాస్తే, అది కర్ర మీదికి ఎక్కిందట. ఆ సంగతి చెబుతుంటే ఆయన ముఖం మెత్తబడింది. దాన్ని తూటాల పెట్టెలో పెట్టి, మూతకు చిల్లులు పొడిపించాడు. లోపల గిన్నెలో నీళ్లు పెట్టాడు. అది ఆ నీళ్లు ముట్టలేదు. కళ్లు గుంటలు పడ్డాయి, ఒళ్లు మసిబారినట్లు నల్లగా అయింది.

గుంటలు పడ్డ కళ్లంటే ఒంట్లో నీరు లేదని అర్థం. ఊసరవెల్లి గిన్నెలో నీళ్లు తాగదు, ఆకుల మీద జారే చుక్కలనే నాలుకతో అందుకుంటుంది. నేను వేపరెమ్మ తెప్పించి దాని ముందు పట్టుకుని నీళ్లు చిలకరించాను. కాసేపటికి అది నోరు తెరిచి తాగింది. కమాండెంటు చప్పట్లు కొట్టినంత పని చేశాడు. దీనికి సరైన గూడు ఏదో నువ్వే చూసి పెట్టు, ఖర్చుకు వెనకాడకు అని ఉర్దూలో అన్నాడు.

ఆ పని నాకు నచ్చిందన్న మాట దాచను. గడీలో దొర సామాను చాలా మిగిలి ఉంది. కమాండెంటు మొదట అద్దాల బీరువా చూపించాడు. అందులో గాలి ఆడదు, ఎండకు లోపల ఉడికిపోతుంది. చిలుక పంజరం ఒకటి దొరికింది కానీ దాని చువ్వల సందుల్లోంచి ఊసరవెల్లి దూరిపోగలదు. చివరికి వంటింటి మూలలో పాలు, పెరుగు దాచుకునే జాలీ అల్మారా కనబడింది. మనిషెత్తు ఉంది. నాలుగు వైపులా సన్నటి ఇనుప జాలి, టేకు చట్రం, బిగుతుగా పడే గడియ. కాళ్ల కింద నీళ్లు పోసే రాతి గిన్నెలు కూడా ఉన్నాయి. చీమలు ఎక్కవు, పంజరంలోని ఊసరవెల్లికి చీమలంత ప్రమాదం ఇంకొకటి లేదు. అరలు తీయించి, దాని గోళ్లు చిక్కుకోకుండా జాలి అంచులను ఆకురాయితో రుద్దించాను. అది పిడికిట పట్టుకోగలిగేంత సన్నటి కొమ్మలను అడ్డంగా బిగించాలని చెప్పాను.

అల్మారాను ఇద్దరు జవాన్లు పెరటి దారిన మోసుకొస్తుంటే వాళ్ల వెంట నడిచాను. ఆ పెరటి వెనకే ఊరి బందెలదొడ్డి. నేను తనిఖీ చేసే దొడ్డే. అందులో గొడ్లు లేవు. మనుషులున్నారు.

దళానికి అన్నం పెట్టారన్న అనుమానం మీద చుట్టుపక్కల ఊళ్ల నుంచి తెచ్చిన వాళ్లు. ఆడవాళ్లు, మగవాళ్లు మొలెత్తు రాతిగోడ లోపల ఎండలో కూర్చుని ఉన్నారు. గోడ చుట్టూ ముళ్లతీగ. ఒకతను లేచి గోడ దగ్గరికి వచ్చాడు.

"డాక్టర్ సాబ్, నేను మల్లయ్యను. తరిగొప్పుల. మా ఎర్రకోడె కాలు కట్టినవు సూడు."

గుర్తుపట్టాను. అతను అల్మారా వంక చూశాడు.

"గిదెవలకు సాబ్?"

నేను నోరు తెరవకముందే ఒక జవాను నవ్వుతూ "బల్లికి" అన్నాడు. మల్లయ్య నవ్వలేదు. గొంతు తగ్గించి అడిగాడు.

"గా తొట్టిల నీళ్లు పురుగులు బట్టినయి. లచ్చవ్వ పొద్దటి సంది లేస్తలేదు. జర పెద్దసాబుకు చెప్పు, నీ కాల్మొక్త."

అతని వెనక గోడ వారన ముసలమ్మ ఒకామె కొంగు ముఖం మీద కప్పుకుని పడుకుని ఉంది. చెబుతానన్నాను.

చెప్పాను. కమాండెంటుకు కోపం రాలేదు. వాళ్లు నీ శాఖ కిందికి రారు డాక్టర్ అని మర్యాదగానే అన్నాడు. వెంటనే, ఊసరవెల్లికి రోజుకు ఎన్నిసార్లు నీళ్లు చల్లాలని అడిగాడు. నేను ఆ ప్రశ్నకు జవాబు చెప్పాను. రెండో మాట ఎత్తలేదు. పక్క ఊళ్లో ఒక పంతులు ఇలాగే మాట సాయం చేయబోతే కమ్యూనిస్టుల సంఘం మనిషని ముద్ర వేసి అతన్నీ దొడ్డిలోకే పంపారు. అది నాకు తెలుసు.

అప్పుడు నాకొక ఉపాయం తట్టింది. ఉపాయమనే అప్పుడు అనుకున్నాను. జాలీ అల్మారాకు పొద్దుటి ఎండ తగలాలి, మధ్యాహ్నం నీడ ఉండాలి, వడగాలి కొట్టకూడదు, చుట్టూ గాలి తడిగా ఉండాలి. అలాంటి చోటు దొడ్డి లోపలి తూర్పు గోడ దగ్గరే ఉందని కమాండెంటుకు చెప్పాను. దొడ్డి మొత్తం మీద తాటాకు పందిరి వేయాలని, రోజూ మంచినీళ్ల పీపాలు నింపి నేలంతా తడపాలని చెప్పాను. ఇందులో సగం నిజం, సగం నా కల్పన. ఆయన ఒక్క మాటా ఎదురు అడగలేదు. మర్నాటికల్లా వాసాలు, తాటాకులు దిగాయి. పందిరి లేచింది. పీపాలు వచ్చాయి. మనుషుల మధ్య జాలీ అల్మారా నిలబడింది.

మా వైపు ఊసరవెల్లిని చూస్తేనే కీడంటారు. అల్మారా లోపలికి రాగానే లచ్చవ్వ ముఖం తిప్పుకుంది. "థూ, దాని మొకం సూడకుండ్రి" అన్నది. కానీ నీడలో నాలుగు రోజులు గడిచేసరికి ఆమె లేచి కూర్చుంది. తర్వాత నేను వెళ్లినప్పుడు ఆమే చేత్తో ఆకుల మీద నీళ్లు చిలకరిస్తూ కనబడింది.

"దీని పానం బోతె మన నీడ బోతది. జర మిడుతలు పట్టుకరాండ్రి" అని మిగతావాళ్లను అదిలిస్తోంది. రోజూ పొద్దున జవాన్ల కాపలాలో కొందరిని గడ్డిబీళ్లకు తోలుకుపోయేవారు. మిడుతలు పట్టడానికి. ఆ మాట నేనే చెప్పి ఉన్నాను. ఊసరవెల్లికి బతికున్న పురుగులే తిండి అని.

మే నెలలో అది తిండి మానేసింది. కొమ్మలు వదిలి అల్మారా అడుగున తిరుగుతూ గోళ్లతో చెక్కను గీరడం మొదలుపెట్టింది. దొడ్డిలో వాళ్లకు భయం పట్టుకుంది. నేను చేతిలోకి తీసుకుని పొట్ట తడిమి చూస్తే లోపల గుడ్లు తగిలాయి. గూడు ఎంచినప్పుడు అది ఆడదేమోనన్న ఆలోచనే నాకు రాలేదు. గుడ్లు పెట్టడానికి అది నేల తవ్వుకోవాలి. తడి ఇసుక కలిపిన మట్టిని లోతైన బానలో నింపి లోపల పెట్టించాను. రెండు రోజుల తర్వాత అది తవ్వి, గుడ్లు పెట్టి, మళ్లీ కొమ్మ ఎక్కింది. దొడ్డిలో వాళ్లు సంతోషంతో ఒకరి భుజాలు ఒకరు పట్టుకున్నారు. మల్లయ్య నాకు దండం పెట్టాడు. దాన్ని ఎలా అందుకోవాలో తెలియక నేను పెట్టె సర్దుకుంటున్నట్టు తల వంచుకున్నాను.

జూన్ మొదట్లో కమాండెంటుకు మానుకోట వైపు బదిలీ అయింది. జాలీ అల్మారాను లారీకి ఎక్కించి, కదలకుండా తాళ్లతో కట్టించి, నా చెయ్యి రెండు చేతులతో పట్టుకుని సెలవు తీసుకున్నాడు. ఆయన పోయిన మర్నాడు పందిరి పీకేశారు. కొత్తగా వచ్చిన అధికారి ఆ పందిరి దేనికని అడిగాడట. ఊసరవెల్లికి అన్నారట. ఊసరవెల్లి లేదు కదా అన్నాడట. నేను వెళ్లేసరికి తాటాకులు వంట పొయ్యి దగ్గర కుప్పగా ఉన్నాయి. వానలు ఇంకా మొదలుకాలేదు. లచ్చవ్వ మళ్లీ ముఖం మీద కొంగు కప్పుకుని పడుకుంది. సాకుగా చెప్పుకోవడానికి నా చేతిలో ఇంకొక జంతువు లేదు.

ఆ రోజు ఇంటికి పోలేదు. జనగామ సర్కారు దవాఖానలో పెద్ద డాక్టరు దగ్గరికి వెళ్లాను. ఆయన ముసలివాడు, కటువుగా ఉంటాడని పేరు. కూర్చోకుండానే చెప్పాను. మనుషులను బందెలదొడ్డిలో పెట్టారు, నీడ లేదు, నీళ్లు మంచివి కావు, ఒక ముసలమ్మ చనిపోయేట్టు ఉంది అని. ఆయన కళ్లద్దాలు తీసి, ఎన్నాళ్ల నుంచి అని అడిగాడు. ఏప్రిల్ నుంచి అన్నాను. నాకు ఏప్రిల్‌లోనే ఎందుకు చెప్పలేదని అడిగాడు.  అడిగి, కళ్లద్దాలు మళ్లీ పెట్టుకుని తహసీల్దారుకు చీటీ రాశాడు.

మర్నాడు ఆయన తహసీల్దారును వెంటబెట్టుకుని క్యాంపుకు వచ్చాడు. కొత్త అధికారి కాసేపు వాదించాడు. తర్వాత, మనుషులకు జబ్బులొస్తే బాధ్యత ఎవరిదని పెద్ద డాక్టరు అడిగేసరికి తగ్గాడు. సాయంత్రానికి అందరినీ జనగామలో పెంకుల కప్పు, వరండా, బావి ఉన్న బడికి మార్చారు. లచ్చవ్వను దవాఖానలో చేర్చుకున్నారు. ఆమె కోలుకుని కొన్నాళ్లకు ఊరికి పోయింది. నేను సంఘం మనిషినా అని ఎవరూ అడగలేదు.

బడి దగ్గర లారీ దిగుతూ మల్లయ్య నన్ను చూసి ఆగాడు. ఎలా కుదిరిందని అడిగాడు. పెద్ద డాక్టరుకు చెప్పానన్నాను.

"చెప్తెనే అయిందా?"

"అయింది."

 అతని గొంతులో కోపం లేదు.

"గింత మాటకేనా సాబ్? మేము గా పురుగుకు మొక్కుకుంట కూసున్నం."

జవాను తొందరపెడితే లోపలికి పోయాడు.

నా తర్వాతి ఉద్యోగమంతా పశువులతోనే గడిచింది. కానీ ఊళ్లలో పశువుల డాక్టరు దగ్గరికి మనుషుల గోడు కూడా వస్తుంది. దాన్ని ఇంకొక పేరు మీద అడగడం ఆ ఏడుతోనే మానేశాను. ఎవరికి కావాలో వాళ్ల పేరుతోనే, ఎవరిని అడగాలో వాళ్లనే అడిగాను. కొన్నిసార్లు ఇచ్చారు, చాలాసార్లు కాదన్నారు. అధికారి అనాల్సిన 'కాదు' అన్న మాటను ఆయన కంటే ముందు నేనే అనేసుకోవడం మాత్రం మళ్లీ చేయలేదు.