నాలుగు వేళ్ల కొలత

నా చిన్నప్పుడు తాండూరులో మా పక్కింట్లో ఒక ఖాలా ఉండేది. ఖాలా అంటే ఉర్దూలో పిన్ని. మాకు చుట్టం కాదు, అయినా వాడలోని పిల్లలందరం అలాగే పిలిచేవాళ్లం. ఆమె ఆడవాళ్లకు బట్టలు కుట్టేది. మా నాయన నాపరాళ్ల పాలిష్ మిషన్ దగ్గర పనిచేసేవాడు, అమ్మ కంది చేలకు కూలికి పోయేది. నన్ను బడికి పంపలేదు. పొద్దున్నుంచి పొద్దుగూకే దాకా ఖాలా మిషన్ పక్కన కూర్చుని గుండీలు కుట్టడం, కాజాలు పట్టడం నా పని. అప్పుడు నాకు పదేళ్లు.

ఖాలాకు కూడా చదువు రాదు. టేపు మీద అంకెలున్నా ఆమెకు వాటితో పని లేదు. ఒక్కొక్క మనిషికి ఒక్కొక్క నూలు తాడు పెట్టేది. కొస నుంచి మొదటి ముడి దాకా నడుము, రెండో ముడి దాకా ఛాతీ. ఎవరి తాడో తెలియడానికి వాళ్ల బట్టలోంచే చిన్న పీలిక తీసి చివర కట్టేది. ఆ తాళ్లన్నీ మిషన్ వెనక గోడకు మేకుల మీద వరుసగా వేలాడేవి. వచ్చినవాళ్లు ముందు వాటినే చూసేవాళ్లు, ఎవరి తాడు ఎవరిదానికన్నా పొడుగో పోల్చుకునేవాళ్లు.

బట్ట విషయంలో ఖాలా కన్ను గొప్పది. మనిషి గుమ్మంలో నిలబడగానే పాదాల నుంచి భుజాల దాకా ఒక్కసారి చూసేది, అంతే. పొట్టి మనిషి వెడల్పు అంచు బట్ట తెస్తే, ఇది నిన్ను సగానికి కోస్తది, సన్నంచు తెచ్చుకో అని వెనక్కి పంపేది. బక్కపలచని పిల్లకు గంజి పెట్టినట్టు నిలబడే బట్ట చెప్పేది. నిండైన మనిషికి మెరుపు లేని, ఒంటి మీద జారే మెత్తటి బట్ట చెప్పేది. మెరిసే బట్ట ప్రతి మడతనూ దీపం పెట్టి చూపిస్తుందట. ఇంత చెప్పే మనిషి నోట 'లావు' అన్న మాట మాత్రం నేను ఎప్పుడూ వినలేదు. ఒకసారి నేనే ఎవరినో అలా అంటే, "లావు, సన్నం దారానికుంటయి బేటీ, మనిషికి కాదు" అని నా నెత్తిన ఒకటి మొట్టింది.

మా ఎదురింట్లో ఒక అక్క ఉండేది. వాళ్లు క్రైస్తవులు. అక్క నిండైన మనిషి, మెత్తని మనిషి. బోరింగు దగ్గర బిందె పెట్టి ఆమె పాట ఎత్తుకుంటే చేతిపంపు కొట్టేవాళ్లు కొట్టడం ఆపి వినేవాళ్లు. ఆ ఏడు వికారాబాదులో పెద్ద చర్చిలో క్రిస్మస్ పాటల బృందంలోకి ఆమెను తీసుకున్నారు. అంతేకాదు, ఒక చరణం ఒంటరిగా పాడమన్నారు. మా వాడ నుంచి అంత మందిలో నిలబడి పాడడం ఎవరికీ దక్కలేదు.

పంజాబీ డ్రెస్సులు కొత్తగా వచ్చిన రోజులవి. బృందంలోని ఆడపిల్లలందరూ ఒకే బట్టతో కుట్టించుకోవాలని అక్కడి పెద్దామె ముక్కలు కోయించి పంపింది. మెరూన్ రంగు మీద అరచేయంత తెల్ల పూలు. సల్వారుకు అదే మెరూన్‌లో సాదా బట్ట. ఆ డ్రెస్సు లేకుండా వచ్చినవాళ్లు వెనక వరసలో నిలబడాలి, ఒంటరి చరణం వేరే పిల్లకు పోతుంది అని కూడా కబురు చేసింది. ఖాలా ఆ పూలను చూసి పెదవి విరిచింది. అరచేయంత పువ్వు ఒళ్లంతా పరిస్తే మనిషి కనపడదు, పూలే కనపడతాయి అంది. కానీ అందరిదీ ఒకే బట్ట, ఏం చేస్తుంది?

అక్క కొలతలిచ్చిన మరునాడు వీధి చివరి ఇంటామె తన జాకెట్టు కోసం వచ్చింది. గోడ మీద అక్క తాడు చూసి, "ఏందమ్మా గిది, బర్రెను కట్టేసే పలుపా?" అంది. అక్క అక్కడే కూర్చుని ఉంది. అందరూ నవ్వారు. అక్క కూడా నవ్వింది. నవ్వుతూనే వోణీ కొసను వేలికి బిగించి బిగించి చుట్టుకుంది, వేలు తెల్లబడిపోయింది. ఆ రోజు నుంచి అక్క ఒక్క పూటే తింటోందని వాళ్లమ్మ మా అమ్మతో చెప్పుకుని బాధపడింది.

నాకు ఆ తాడును చూస్తే ఏడుపొచ్చేది. ఒక మధ్యాహ్నం ఖాలా నమాజుకు లోపలికి పోయినప్పుడు దాన్ని మేకు మీంచి దించాను. రెండు ముడులూ విప్పి, ఒక్కొక్కటి నాలుగు వేళ్లు వెనక్కి జరిపి మళ్లీ వేశాను. మిగిలిన కొసను కత్తెరతో కోసి పొయ్యిలో పడేసి, దాని పీలికను మళ్లీ చివర కట్టాను. ఇప్పుడది అందరి తాళ్లలాగే ఉంది. మంచి పని చేశాననే సంతోషంతో నాకు ఆ పూట అన్నం కూడా ఎక్కువ తినబుద్ధయింది.

రెండు రోజుల తర్వాత ఖాలా ఆ తాడు తీసి బట్ట మీద పరిచింది. ఒక్క క్షణం ఆగింది. "క్యా బేటీ, పోరి చిక్కిందా?" అని నన్నడిగింది. చిక్కింది ఖాలా, ఒక్క పూటే తింటున్నది అన్నాను. అది అబద్ధం కాదు, అట్లాగని నిజమూ కాదు. పండుగ పని నెత్తిమీదుంది, ఖాలా కత్తెర అందుకుంది. కత్తెర బట్టలోకి దిగిన చప్పుడు విన్నాకే నేను చేసిందేమిటో నాకు తెలిసింది. అయినా చెప్పకుండా గుండీల డబ్బా ముందుకు లాక్కున్నాను. ఆ సాయంత్రం నుంచి నాకు ముద్ద దిగలేదు.

క్రిస్మస్ ముందురోజు పొద్దున అక్క డ్రెస్సు కోసం వచ్చింది. మధ్యాహ్నం ప్యాసింజర్ బండికి వాళ్ల నాయనతో వికారాబాదు పోవాలి. లోపలి గదిలోకి పోయి చాలాసేపు బయటికి రాలేదు. ఖాలా తలుపు తోసి చూసింది, వెనకాలే నేను. డ్రెస్సు ఛాతీ దగ్గర ఆగిపోయి ఉంది. కిందికి దిగదు, పైకి రాదు. అక్క రెండు చేతులూ పైకెత్తి అలాగే నిలబడి ఉంది.

అంతలో వీధి చివరి ఇంటామె గుమ్మంలోంచి తొంగి చూసింది. "నేను చెప్పలే? గా బట్ట యాడ సరిపోతది?"

"నీ పొయ్యి మీద కూర మాడుతున్నట్టుంది, జర సూస్కో పో" అని ఖాలా ఆమె మొహం మీదే తలుపు వేసి గడియ పెట్టింది.

మెల్లగా డ్రెస్సు తలమీదుగా లాగి తీసింది. అక్క వోణీ కప్పుకుని మూల కూర్చుంది. ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది. "పదిహేను దినాల నుంచి కడుపు మాడ్చుకున్న ఖాలా. ఇంకా పెరిగిన్నంటే నాకు గీ పాట రాసిపెట్టిలేదు. వేరే పిల్ల పాడుతది తియ్యి" అంది.

ఆమె తన ఒంటినే తప్పుపడుతోంది. తప్పు చేసినదాన్ని ఆమె ఎదురుగానే నిలబడి ఉన్నాను.

ఖాలా పోయి తాడు తెచ్చింది. కొస చూసింది, కత్తెర పెట్టిన గుర్తు కొత్తగా ఉంది. ముడి చూసింది. ఆమె ఎప్పుడూ రెండు చుట్లు తిప్పి వేసే ముడి కాదది, నేను గుండీ దారానికి వేసే ముడి. తలెత్తి నన్ను చూసింది. తాడు నా చేతిలో పెట్టి, "అక్కకు కొలువు" అంది.

నేను అక్క నడుము చుట్టూ తాడు తిప్పాను. కొస, ముడి కలవలేదు. వాటి మధ్య నాలుగు వేళ్ల సందు మిగిలింది.

"నేనే కోసిన అక్కా" అన్నాను.

"ఎందుకే?"

"అందరు నవ్వుతున్నరు గదా."

అక్క నావైపు తిరిగింది. తిడుతుందనుకున్నాను, కొడుతుందనుకున్నాను. "అంటే నీ కండ్లకు గూడ నేను గట్లనే కనపడ్తున్ననా?" అంది.

వీధి చివరి ఇంటామె నోటితో అన్నదాన్నే నేను చేత్తో చేశానని ఆ మాటతో అర్థమైంది.

ఖాలా అక్కను చెయ్యి పట్టి లేపింది, కొత్త తాడు తీసింది. అక్క అలవాటుగా పొట్ట లోపలికి లాక్కుని బిగబట్టి నిలబడింది. ఖాలా తాడు దించేసింది. "నువ్వు గూడ దొంగవే. గా దినం గూడ గిట్లనే బిగబట్టి కొలతిచ్చినవ్. నీ పాట పాడు" అంది.

"ఇప్పుడా?"

"ఇప్పుడే. రేపు పాడేటప్పుడు ఊపిరి యాడికి పోతదో నాకు తెల్వాలె."

అక్క మొదలుపెట్టింది. గొంతు పగిలింది, ఆగింది, మళ్లీ ఎత్తుకుంది. రెండో పాదానికి వచ్చేసరికి తాను ఎక్కడ నిలబడిందో మరిచిపోయింది. పొడుగు రాగానికి ముందు ఆమె గుండె నిండా ఊపిరి తీసుకున్న క్షణాన ఖాలా తాడు అందుకుని ముడి వేసింది. నేను కోసినదాన్ని పక్కన పెట్టి చూశాం. నేను తగ్గించిన నాలుగు వేళ్లు కలిపినా ఇంకో రెండు వేళ్లు ఎక్కువే వచ్చింది. తాడు సరిగ్గా ఉన్నా ఆ డ్రెస్సు రేపు పాట మధ్యలో ఊపిరి ఆడనిచ్చేది కాదు.

బండికి మూడు గంటలు కూడా లేవు, వేరే బట్టా లేదు. ఖాలా బ్లేడు నా చేతికిచ్చి పక్క కుట్లు విప్పమంది. తాను సల్వారు తీసి దాని ఘేరు, అంటే కుచ్చుల వెడల్పు, సగానికి తగ్గించింది. అందులోంచి మిగిలిన సాదా మెరూన్ బట్టను చంకల కింది నుంచి అంచు దాకా రెండు పక్కలా పొడుగు ముక్కలుగా వేసింది. కలీలు అంటారు వాటిని. నేను కుట్లు విప్పుతూ వేలు కోసుకున్నాను, చెప్పలేదు. బయట అక్క నాయన సైకిలు గంట రెండుసార్లు కొట్టి, ఇంకెంతసేపమ్మా అని అడిగాడు. మిషన్ ఆగలేదు.

తొడుక్కున్నాక చూస్తే పూలన్నీ ముందువైపు మధ్యలోనే పైనుంచి కిందికి బారుగా ఉన్నాయి. పక్కలు ముదురు రంగులో ఒద్దికగా వెనక్కి తగ్గాయి. కుచ్చు తగ్గిన సల్వారు కాళ్ల దగ్గర నిలువుగా దిగింది. అక్క సన్నబడలేదు. ఎంత మనిషో అంతే ఉంది, కానీ చూపు పూల మీద పోయి మొహం దగ్గర ఆగుతోంది. అద్దంలో ఒక పక్కకు తిరిగి చూసుకుంది. నిండా ఊపిరి పీల్చి చూసుకుంది. దారాలు వేలాడుతుండగానే సైకిలెక్కి స్టేషన్‌కు పోయింది. నావైపు చూడలేదు.

పండుగ తర్వాత కేకు ముక్కలు పంచడానికి వచ్చి, చరణం తెగకుండా పాడానని ఖాలాకు చెప్పింది. నాతో మళ్లీ మాట్లాడడానికి ఎండలు ముదిరే దాకా పట్టింది. ఖాలా ఒక్కసారి కూడా నన్ను తిట్టలేదు. అందుకే ఆ తప్పు ఎవరూ తీసుకుపోకుండా నా దగ్గరే ఉండిపోయింది.

పెళ్లయి వికారాబాదు వచ్చాక నేనూ కుట్టు పనే చేసుకున్నాను. నలభై దాటాక సాయంత్రం బడికి పోయి అక్షరాలు, అంకెలు నేర్చుకున్నాను. ఇప్పుడు నా దగ్గరికి వచ్చే ఆడవాళ్లు ఫోన్లలో బొమ్మలు చూపించి ఇట్లాగే కుట్టమంటారు. పూలు పెద్దవైతే ఎక్కడ పెట్టాలో, గీతలు ఎటు తిప్పాలో చెబుతాను. కొలతకు నిలబడగానే మాత్రం, సన్నటివాళ్లూ నిండైనవాళ్లూ అందరూ ఊపిరి బిగబడతారు. నేను తొందరపడను. టేపు చేతిలో పట్టుకునే వాళ్ల పిల్లల సంగతో, అత్తగారి సంగతో అడుగుతాను. వాళ్లు మాటల్లో పడి నవ్వి, నిండుగా ఊపిరి తీసుకున్నప్పుడు టేపు చుట్టి, అక్కడ ఏ అంకె ఉంటే ఆ అంకెనే రాసుకుంటాను.