ఇనుము పోని గదిలో నాన్న సుత్తి

మా వీధిలో ఎవరైనా దెయ్యం కథ మొదలుపెడితే మధ్యలో నవ్వి చెడగొట్టేది నేనే. స్కూల్లో సైన్సు చెబుతాను, రుజువు లేనిదే దేన్నీ నమ్మే రకం కాదు. ఇప్పుడూ నమ్ముతున్నానని అనడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను, అంతే.

మేం పుట్టి పెరిగింది ఖరగ్‌పూర్ ఓల్డ్ సెటిల్‌మెంట్ క్వార్టర్స్‌లో. నాన్నది రైల్వేలో చక్రాల పరీక్ష. బండి ఆగగానే పొడుగు కర్ర సుత్తితో ఒక్కో చక్రాన్నీ కొట్టి, మోత వినేవారు. ఖంగుమంటే మంచిది. బొంగురుగా పలికితే ఎక్కడో పగులున్నట్టు.

ఇంటికొచ్చినా ఆ అలవాటు పోలేదు. డ్యూటీ దిగి రాగానే మా ఇనప మంచం కోడుని సుత్తితో రెండుసార్లు మెల్లగా తట్టేవారు. నేనూ, అక్కనైన నన్ను అప్పా అని పిలిచే తమ్ముడు సుధీరూ, అంతా బాగానే ఉందని, "ఠీక్ హై" అనాలి. అలిగి పలక్కపోతే బూట్లయినా విప్పకుండా పక్కన కూర్చునేవారు, "ఏటయినాది, సెప్పు" అంటూ. చెప్పేదాకా లేచేవారు కాదు. అమ్మ వడ్డించిన అన్నం చల్లారిపోయేది. ఆ రోజులు తల్చుకుంటే ఇప్పటికీ ప్రాణం లేచొచ్చినట్టుంటుంది.

నాన్న పోయి చాలా ఏళ్ళయింది. మేం అదే ఊళ్ళో మలంచా పేటకి మారాం. పోయినేడు సుధీర్‌ని డిప్రెషన్ పట్టుకుంది. మందులు వాడుతున్నా తిండి లేదు, మాట లేదు. వాడేమైపోతాడోనని నాకు కంటి మీద కునుకుండేది కాదు. ఎవరేమడిగినా వాడిది ఒకటే జవాబు, "ఠీక్ హై."

వాడికి వైద్యం చేసే డాక్టరమ్మ ఒక పరిశోధన గురించి చెప్పింది. కుంగుబాటు ఉన్నవాళ్ళ మెదడుని స్కాన్ చేసి, ఎవరి ప్రాణానికి ముప్పుందో ముందే తెలుసుకోవచ్చా అని చూస్తున్నారట. బతిమాలి ఒప్పించాను. స్కాన్‌కి ముందు, చచ్చిపోవాలన్న ఆలోచనలు వస్తున్నాయా అని ఆవిడ సూటిగా అడిగింది.

"లేదు దీదీ, ఠీక్ హై" అన్నాడు డాక్టరమ్మతో.

ఆ గదిలోకి ఇనుము పోకూడదు, లోపలున్నది పెద్ద అయస్కాంతం. వాచీ, బెల్టు, తాళాలు అన్నీ తీయించారు. నేను అద్దానికి ఇవతల టెక్నీషియన్ పక్కన కూర్చున్నాను. మిషన్ కాసేపు దడదడలాడి ఆగింది. తర్వాతి స్కాన్ ఇంకా మొదలుపెట్టలేదు.

అప్పుడు స్పీకర్లో వినిపించింది. ఇనుము మీద ఇనుము, మెల్లగా, రెండుసార్లు.

టెక్నీషియన్ తలెత్తి, "భేతొరే కే?" అన్నాడు బెంగాలీలో, లోపల ఎవరని.

ఇబ్బందైతే నొక్కమని సుధీర్ చేతికొక రబ్బరు బంతి ఇచ్చారు. వాడది నొక్కేశాడు. బయటికి తెచ్చేసరికి ముఖమంతా కన్నీళ్ళు.

"అప్పా, నాన్న కొట్టినాడు. ఠీక్ హై అందామనుకున్నాను, నోరు రానేదు."

పక్కన కూర్చుని, "ఏటయినాది, సెప్పు" అన్నాను. చెప్పాడు. చచ్చిపోదామని ఎన్నాళ్ళుగా అనుకుంటున్నాడో, డాక్టరమ్మ ఎదుటే అంతా చెప్పాడు. ఆ రోజే ఆసుపత్రిలో చేర్చుకున్నారు. ఫలానా వాళ్ళ ప్రాణానికి ముప్పుందని చెప్పేంతగా ఆ స్కాన్లు ఇంకా ఎదగలేదని తర్వాత ఆవిడే చెప్పింది.

మిషన్‌ని చల్లబరిచే పంపు చప్పుడేమో అన్నాను. అది తను రోజూ వినేదేనని, ఇది అది కాదని టెక్నీషియన్ అన్నాడు. నాన్న సుత్తి ఇంట్లో ట్రంకుపెట్టెలోనే ఉంది, తీసి చూశాను.

ఇప్పుడు పొద్దున్నే టీ పట్టుకెళ్ళి సుధీర్ మంచం కోడు తడతాను. చాలా రోజులు "ఠీక్ హై" అంటాడు. కొన్ని రోజులు "నేదప్పా" అంటాడు.

అలాంటి రోజు టీ చల్లారిపోతుంది.