ఓనర్ ఆంటీ ఫొకాచియా

ముందుగా క్షమాపణలు. ఇటలీ దేశ ప్రజలందరికీ, ఆ దేశపు ఆలివ్ తోటలకూ, గంభీరమైన సంతాప వాక్యాల కోసం కళ్లజోడు సర్దుకుని కూర్చున్న పెద్దలకూ శిరసు వంచి క్షమాపణ చెప్పుకుంటున్నాను. మా ఓనర్ ఆంటీ పోయారు. మంగళవారం పొద్దున చర్చి గ్రూపులో పాస్టర్‌గారు "ప్రభువునందు నిద్రించారు" అని పెట్టిన మెసేజ్‌ని ఆవిడ ఇంటి బేస్‌మెంట్‌లోనే కూర్చుని చదివాను. గుండెలో నొప్పి అంటే ఆవిడని ఆసుపత్రికి తీసుకెళ్లిన అంకుల్ ఇంకా తిరిగి రాలేదు. పైన వంటగదిలో చప్పుడు లేదు. ఆ ఇంట్లో అద్దెకు దిగాక, చప్పుడు లేని పొద్దుటిపూట నాకదే మొదటిది.

ఆంటీది నరసాపురం, నాది వరంగల్. ఇద్దరినీ కలిపింది అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రంలోని అరోరా. గది చూడటానికి వెళ్లిన రోజు నన్ను ఇంటర్వ్యూ చేశారు.

"బైబిల్ చదువుతావా?"

"లేదాంటీ."

"అన్నం తింటావా?"

"మస్తు తింట."

"అయితే ఆదివారం చర్చికొచ్చెయ్."

అలా నేను తెలుగు చర్చిలో, ఆరాధన తర్వాతి భోజనాలకు మాత్రమే అపారమైన భక్తి గల సభ్యుణ్ణయ్యాను. అందరూ బిర్యానీలు, పప్పుచార్లు తెచ్చేవారు. ఆంటీ మాత్రం పెద్ద ట్రేలో ఫొకాచియా అనే ఇటలీ రొట్టె తెచ్చేవారు. ఆఫీసులో ఎవరో పెట్టిన ముక్క తిన్న రోజునే, "ఇది మన దిబ్బరొట్టెకి దూరపు చుట్టంరా, ఇటలీలో సెటిలైపోయింది" అని తేల్చేశారట. చుట్టమే కదా అని మర్యాదలన్నీ మన పద్ధతిలోనే చేసేవారు. రోజ్‌మేరీ ఆకు ఉండాల్సిన చోట కరివేపాకు, సన్నగా తరిగిన పచ్చిమిర్చి, పైన రాళ్ల ఉప్పు.

నేను రొట్టె ట్రే చుట్టూ ముందే తిరుగుతుంటే, "ముందు వాక్యం, తర్వాత రొట్టె. వరస మార్చకు" అని గరిటె చూపించేవారు.

ఆవిడ చేసేటప్పుడు చూస్తే అదొక పని అనిపించేది కాదు. గిన్నెలో మైదా, ఈస్టు, ఉప్పు, గోరువెచ్చటి నీళ్లు. గరిటె కాడతో నాలుగు తిప్పులు, అంతే. పిసకడం లేదు. ఇడ్లీ పిండిని చలికాలంలో ఎలా పులియబెడతారో అలాగే, ఓవెన్‌లో లైటు మాత్రం వేసి గిన్నెను లోపల పెట్టేవారు. "దాన్ని విసిగించకు. దాని పని అది చేసుకుంటుంది" అనేవారు. పిండి చేతికి అంటుకుంటోందని నేను ముఖం చిట్లిస్తే, "అంటుకోనీ. అంటుకోని పిండి పొంగదు" అనేవారు. హెచ్-వన్‌బీ వీసా లాటరీలో నా పేరు రాని సాయంత్రం కూడా ఇదే మాట అని, గిన్నె నా ముందుకు తోశారు. ఓదార్పులో అంత తక్కువ మాటలు వాడిన మనిషిని నేను చూడలేదు.

ఆ ఇంట్లో ఒకే ఒక్క యుద్ధం ఉండేది. గిన్నెలు కడగడం అంకుల్ డ్యూటీ. కడిగినవన్నీ తుడిచి ఓవెన్‌లో సర్దడం అంకుల్ అలవాటు. మన ఇళ్లలో ఓవెన్ అంటే మూకుళ్లు పెట్టుకునే బీరువాయే కదా! ఆంటీ ప్రతి ఆదివారం వాటిని బయటికి తీస్తూ, "ఇది పొయ్యండీ, అటక కాదు" అనేవారు. "అందరూ అక్కడే పెడతారోయ్" అని అంకుల్ సోమవారం మళ్లీ సర్దేసేవారు.

అంత్యక్రియలయ్యాక, కాలిఫోర్నియాలోని శాన్ రామన్ నుంచి వచ్చిన వాళ్లమ్మాయి కొన్నాళ్లుండి, సెలవు అయిపోయి బయల్దేరింది. ఎయిర్‌పోర్టులో దింపుతుంటే, "డాడీ పాలల్లో సీరియల్ తప్ప ఏం తినట్లేదు. ఆయన రియల్ ఫుడ్ తింటే నాకు టెక్స్ట్ చెయ్, ప్లీజ్" అంది. పెద్దపెద్ద బాధ్యతలకు నేను తగనని చెప్పబోయాను. ఆమె అప్పటికే కళ్లు తుడుచుకుంటోంది.

బిర్యానీ తెచ్చాను, ముట్టలేదు. చర్చివాళ్లు పులిహోర పంపారు, ఫ్రిజ్‌లోనే ఉండిపోయింది. అంకుల్ రోజూ ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఎక్కడికీ వెళ్లకుండా మేడమీద గదిలో కూర్చునేవారు.

చర్చిలో ఆంటీ జ్ఞాపకార్థ కూడిక రోజున ఇక నేనే రంగంలోకి దిగాను. చేతికి అంటుకోనంతవరకూ మైదా పోసి పిండి కలిపాను. హీటర్ గాలి తగిలే చోట పెట్టాను. ఓవెన్ ఆన్ చేశాను. కాసేపటికి వచ్చిన వాసన రొట్టెది కాదు. తర్వాత స్మోక్ అలారం మోగింది. నేను టవల్ పట్టుకుని దాని కింద ఎగురుతుంటే, అంకుల్ మెట్లు దిగి వచ్చారు.

"లోపల చూశావా?"

"లేదంకుల్."

"మీ ఆంటీ ఎన్నిసార్లు చెప్పింది?"

"నాకు కాదంకుల్, మీకు చెప్పింది."

అన్నాక నాలుక కరుచుకున్నాను. అంకుల్ నన్నే చూశారు. తర్వాత నవ్వడం మొదలుపెట్టారు. అలారం ఆగినా ఆ నవ్వు ఆగలేదు. చివరికి వచ్చేసరికి అది నవ్వో ఏడుపో నాకు అర్థం కాలేదు. నేను కిటికీలు తెరుస్తూ ఉండిపోయాను.

ఓవెన్ చల్లారాక ఆయనే ఒక్కొక్కటీ బయటికి తీశారు. మూకుడు, దోశె పెనం, పిడి కరిగి కింద ఫాయిల్ మీదికి కారిన మూత. ఫాయిల్ తీసేసి, నా గిన్నెలోకి తొంగి చూశారు.

"ఏంటిది?"

"ఫొకాచియా అంకుల్."

"దీంతో గోడకి మేకు కొట్టొచ్చు."

కొత్త గిన్నె తీసుకున్నారు. ఇన్నేళ్లూ సింక్ దగ్గర నిలబడి వెనక్కి తిరగకుండానే అంతా విన్నారేమో, ఎక్కడా తడుముకోలేదు. గరిటె కాడతోనే తిప్పారు. పిండి పొంగేదాకా దాన్ని విసిగించలేదు. ట్రేలో నూనె ధారాళంగా పోశారు.

రొట్టె దిగాక, చర్చికి ముక్కలు కోస్తూ మూల ముక్క నోట్లో వేసుకున్నారు. "ఉప్పు తక్కువైంది" అన్నారు. ఇంకోటి తిన్నారు. వాళ్లమ్మాయికి టెక్స్ట్ చేశాను. "రియల్లీ? నువ్వు చేశావా? గాడ్ బ్లెస్ యూ" అని వెంటనే జవాబొచ్చింది. నేను వినయంగా దండం ఎమోజీ పంపాను. కూడికలో కూడా అందరూ నా భుజం తట్టారు. భుజాన్ని అందుబాటులోనే ఉంచాను.

పాఠకులకైనా నిజం చెప్పాలి. ట్రేలో పరిచిన పిండిలో ఆంటీలాగే పది వేళ్లూ అడుగుదాకా దించి, అంకుల్ గుంటలు పెడుతున్నప్పుడు, ఆ ఇస్త్రీ చొక్కా చేతులు జారి నూనెలో పడబోయాయి. ఆయన వేళ్లు తీయకుండానే మోచేతులు నావైపు చాపారు. చొక్కా చేతుల్ని మోచేతుల పైదాకా మడిచాను. నేను చేసింది అదొక్కటే.